హజరత్తయ్య పండగ అన్నం

హజరత్తయ్య పేరు వినగానే సాయిబు అనుకునేవాళ్లే ఎక్కువ. కట్టెలు కొనడానికి నెల్లూరు నుంచి వచ్చే వ్యాపారులు కొందరు సలాం కూడా పెట్టేవాళ్లు. ఆయన సాయిబు కాదు. మనుబోలు పక్క పల్లెలో, తిండికి సరిపడా మాగాణి ఉన్న కాపుల ఇంట్లో పుట్టాడు. ముందు పుట్టిన బిడ్డలు నిలవకపోతే వాళ్లమ్మ దర్గాకు పోయి, ఈ కడుపు నిలిస్తే హజరత్తు పేరే పెట్టుకుంటానని మొక్కుకుంది. బిడ్డ నిలిచాడు. నెల్లూరు సీమలో ఇదేమీ వింత కాదు. దర్గాలో పేరు పెట్టి, శివుడి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించి, ఆ ఇద్దరికీ తగువు లేదనుకునే జనం వాళ్లు.

ఇంతమంది దేవుళ్ల పూచీ మీద భూమ్మీదికి వచ్చిన మనిషి చివరికి దేవుడే లేడనేవాడయ్యాడు. ఊరికే అవలేదు. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు భార్య ఆదిశేషమ్మ కడుపుతో ఉంది. కాన్పు కష్టమైంది. బండి కట్టి నెల్లూరికి తోలుకుపోతూ దారి పొడుగునా కనిపించిన ప్రతి గోపురానికీ మొక్కాడు. పచ్చజెండా ఎగిరే ప్రతి సమాధికీ మొక్కాడు. ఒకచోట శిలువ కనిపిస్తే ఎద్దుల్ని ఆపకుండానే దానికీ చేతులెత్తాడు. పట్నం చేరేలోపలే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. "ఇందరిలో ఒక్కరన్నా పలికుండకూడదా?" అని అడిగాడు హజరత్తయ్య. ఎవరిని అడిగాడో ఆయనకే తెలియదు. ఆ తర్వాత ఏ దేవుణ్నీ ఏమీ అడగలేదు.

తన వాటా మడి తమ్ముడు మస్తానయ్యకు వదిలేసి, మైపాడు దగ్గర సముద్రపొడ్డున ఒక ఆసామి వేయించిన సరుగుడు తోటకు కాపలా కుదిరాడు. అది పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం. తోట అంతా ఇసక. ఒక పక్క సముద్రం, మిగతా మూడు పక్కలా ముళ్లకంప దడి. నడుమ తాటాకు గుడిసె, నీళ్లకు ఇసకలో తవ్విన దొరువు. గాలి ఉన్నా లేకపోయినా సరుగుడు చెట్లు ఎసరు కాగుతున్నట్టు హోరుమంటూనే ఉండేవి. మొదట్లో ఆ హోరుకు నిద్ర పట్టేది కాదు. తర్వాత అది తప్ప పలకరించే దిక్కు లేదని తెలిసి సర్దుకున్నాడు.

ఒంటరితనం అంటే ఏమిటో చెప్పమంటే హజరత్తయ్య చెప్పగలిగేవాడు కాదు. కానీ కట్టెల బండి దడి దగ్గర ఆగిందంటే, గుడిసెలోంచి బయటికి రాకముందే ఒకసారి గట్టిగా దగ్గి చూసుకునేవాడు, గొంతు పెగులుతుందో లేదో అని. అన్ని రోజులు అయ్యేవి మాట్లాడి.

మరుసటేడు డిసెంబరులో, ఒక పొద్దున, బండి చప్పుడు లేకుండానే దడి అవతల మనుషులు కనిపించారు. బక్కగా, తెల్లచొక్కా వేసుకున్న యువకుడొకడు, వెనక కొందరు ఆడవాళ్లు.

"సామీ, నా పేరు సమాధానం. పాలెంలో మిషను బడి పంతుల్ని," అన్నాడతను.

పాలెం అంటే తోటకు పిలుపు దూరంలో ఉన్న క్రైస్తవుల వాడ. ఊరివాళ్లు తరతరాలుగా అంటరానివాళ్లని దూరం పెట్టిన జనమే, తాతల కాలంలో పాదిరి మాట విని ఏసుప్రభువును నమ్ముకున్నారు. దేవుణ్ని మార్చుకున్నారు గానీ ఊరు తన చూపు మార్చుకోలేదు. బావి వేరు, బాట వేరు, ఆఖరికి గాలి కూడా వాళ్ల మీద నుంచి ఊరివైపు వీచకుండా చూసుకుని కట్టించిన వాడ అది.

"క్రిస్మసు పండగొస్తా ఉండాది సామీ. గుళ్లో నిలబెట్టేదానికి ఒక చిన్న సరుగుడు చెట్టు ఇప్పిస్తే..." అని ఆగాడు పంతులు.

ఆసామి ఎదగని చెట్లను ఎటూ ఏరించేస్తాడు. అందులో ఒకటి పోతే అడిగేవాడు లేడు. హజరత్తయ్య గొడ్డలి తీసుకుని మంచిది చూసి నరికి, దడి దగ్గరికి మోసుకొచ్చాడు. "ఇదో, పట్టుకోండయ్యా" అని చాచాడు. ఎవరూ పట్టుకోలేదు. "కింద పెట్టండి సామీ, మేం తీసుకుంటాం" అన్నారు. ఆయన చెట్టును ఇసకలో పెట్టి వెనక్కి జరిగాక వాళ్లు ముందుకు వచ్చి ఎత్తుకున్నారు.

పండగనాడు మధ్యాహ్నం రెబెక్కమ్మ అనే ఆమె కొత్త చేటతో వచ్చింది. యాభై దగ్గర పడిన వితంతువు, పాలెంలో పెద్దదిక్కు. చేటలో బియ్యం, పెసరపప్పు, బెల్లం, చిన్న గిన్నెలో నెయ్యి, రెండు అరటికాయలు, పైన విస్తరాకు. అంతా పచ్చి సరుకు. స్వయంపాకం. తమ చేతి వంట తినని పెద్దకులాల వాళ్లకు ఇచ్చే మర్యాద అది.

"అంగట్లో కొన్నవే సామీ, మా కుండలోవి గావు," అంది రెబెక్కమ్మ, ఆయన మనసు నొచ్చుకుంటుందేమోనని. చేట దడి దగ్గర పెట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి, దండం పెట్టి వెళ్లిపోయింది.

హజరత్తయ్య చేట ముందు చాలాసేపు కూర్చున్నాడు. పాలెం వైపు నుంచి డప్పు, పాట, వేటకూర ఉడుకుతున్న వాసన. ఇక్కడ మూడు రాళ్ల పొయ్యి, ఆయన. నిప్పు రాజేసి పాయసం పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక తెలిసింది, పాయసం ఒక్కడే తినే వంట కాదని. సగం తిని సగం కాకులకు పెట్టాడు. ఆ పూట ఆయనకు ఏడుపు వచ్చింది, ఏడ్చాడు కూడా. చూసేవాళ్లు లేనిచోట సిగ్గేముంది?

ఇక ఏటా అదే వరస. హజరత్తయ్య మాత్రం వినాయకచవితి దాటగానే ఒక చెట్టును ఎంచి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మేకలు మేయకుండా దానికి విడిగా కంప కట్టేవాడు, దొరువు నుంచి నీళ్లు మోసి పోసేవాడు. దేవుడు లేడనే మనిషి దేవుడి పండగకు చెట్టు పెంచడమేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాడో! అడిగేవాళ్లు లేరు గనక బతికిపోయాడు. ఏడాది మొత్తం మీద మనుషులు తన కోసం నడిచివచ్చే రోజులు రెండే, చెట్టు తీసుకుపోయే రోజు, చేట తెచ్చిచ్చే రోజు. వాటి కోసమే తక్కిన ఏడాదిని గడిపేవాడు.

ఒక ఏడు చెట్టు దగ్గర నిలబడి పంతుల్ని అడిగాడు. "ఏందయ్యా పంతులూ, అసలు మీ పండగ దేనికి?"

"దేవుడు మనిషిగా పుట్టినాడు సామీ. ఆ పుట్టినరోజు."

"పెద్ద ఇంట్లోనే పుట్టుంటాడులే."

"లేదు సామీ. గొడ్లసావిట్లో. ఊళ్లో వాళ్ల అమ్మానాయనకు చోటియ్యలా. అంత పైనుంచి దిగొచ్చి, ఎవరూ కలుపుకోని వాళ్లతో కూచొని అన్నం తిన్నాడు. మా బోటోళ్ల ఇళ్లల్లో. మాకు అదే పండగ."

హజరత్తయ్య చెట్టు కొమ్మలకంటిన ఇసక దులిపాడు. "నేను నమ్మను పంతులూ. దేవుడే లేడు, ఇంక దిగేదెట్ట?" అన్నాడు. తర్వాత అన్నాడు, "కానీ, ఉండుంటే మాత్రం బాగుండు."

పంతులు నవ్వి చెట్టు ఎత్తించుకుని పోయాడు. నమ్మని మనిషికి బోధించడం అతనికి వచ్చు. నమ్మకుండానే బాగుందనే మనిషితో ఏం మాట్లాడాలో ఏ బడిలోనూ నేర్పలేదు. హజరత్తయ్యకు మాత్రం ఆ మాట పట్టుకుంది. దేవుడి సంగతి వదిలెయ్, కూర్చుని తినడం సంగతి. వాళ్ల దేవుడు ఎవరింట పడితే వాళ్లింట కూర్చుంటే ఎవరూ చేట ఇచ్చి పంపలేదు గదా అనుకున్నాడు. తనకు కూడా ఒక్క పండగపూట పదిమందిలో కూర్చుని, ఇంకొకరి చేతి అన్నం తినాలని ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చేది. కానీ పిలవని విందు నోరు తెరిచి ఎలా అడుగుతాడు? తినడని వాళ్లు, పిలవరని ఆయన. మర్యాద ఎంత చెడ్డదో మర్యాదస్తులకు తెలియదు.

అరవై మూడో సంవత్సరం కార్తీకంలో ఆయనకు జ్వరం వచ్చింది. వానలు, చలి. లేచి పొయ్యి వెలిగించే ఓపిక లేదు. కాపలా మనిషి అలికిడి లేదని చూసి రెబెక్కమ్మే వచ్చింది. గుడిసె వాకిట్లో నిలబడి లోపలికి తొంగిచూసింది. కొబ్బరిబోండాలు తెచ్చి గడప దగ్గర పెట్టింది. పచ్చి వస్తువు గనక దానికి అడ్డు లేదు.

"గుక్కెడు గంజి కాచి ఇద్దునే సామీ, నా చేతిది మీరు తాగరే!" అని ఏడ్చింది.

"తాగుతా. కాచి తీసుకురా," అన్నాడు హజరత్తయ్య. స్పష్టంగానే అన్నాడు.

రెబెక్కమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది. "జొరంలో మాట సామీ అది. జొరం దిగినాక మీరే బాధపడతారు. నేను మీ కులం చెడగొట్టి పాపం కట్టుకోలేను." వెళ్లిపోయింది. తర్వాత రోజూ బోండాలు తెచ్చింది, రోజూ ఏడ్చింది, గంజి మాత్రం తేలేదు. ఆకలితో ఉన్నవాడి ముందు అంత ప్రేమగా నిలబడి అంత కఠినంగా ఉండటం ఆ సీమలో మంచివాళ్లకే చేతనయ్యేది.

జ్వరం దిగింది. హజరత్తయ్య బాధపడ్డాడు, అయితే ఆమె అనుకున్నందుకు కాదు. చచ్చిపోయినా తన మాట జ్వరం మాటే అవుతుందని బాధపడ్డాడు. ఈసారి ఒంట్లో బాగున్నప్పుడు, పట్టపగలు, అందరూ చూస్తుండగా పోయి కూర్చోవాలని తీర్మానించుకున్నాడు.

కానీ ఒకటి అడ్డం ఉంది. వెనక ఒకప్పుడు ఊరి కుర్రవాడెవడో పాలెంలో తిన్నాడని తెలిసి, ఊరివాళ్లు వాణ్ని వదిలేసి పాలెం మీద పడ్డారు. తిన్నవాడికి ఏమీ కాదు, పెట్టినవాళ్ల ఇళ్ల కప్పులు పోతాయి. హజరత్తయ్యకు ఆ సంగతి తెలుసు. అందుకని పండగకు ముందే ఊళ్లోకి నడిచిపోయి మునసబు ఇంటి అరుగు దగ్గర నిలబడ్డాడు.

"క్రిస్మసు నాడు పాలెంలో అన్నం తింటా ఉండా. వాళ్లు పిలవలేదు, నేనే పోతుండా. ఏదన్నా ఉంటే నన్నడగండి, వాళ్లను కాదు," అన్నాడు.

మునసబు మీసం దువ్వుకున్నాడు. "మతంలో కలస్తన్నావా?"

"లేదు."

"మరేం రోగం?"

"అన్నం తినాలనుండాది."

మునసబు చెడ్డవాడు కాదు. కొట్టించే మనిషి అసలే కాదు. "పాలెం జోలికి ఎవరూ పోరు, నా మాట," అన్నాడు. "నువ్వు మాత్రం ఇంక మా బావి కాడికి రావద్దు. మీ తమ్ముడికి కబురు చేస్తా. ఆ ఇంటి గడప కూడా తొక్కలేవు, బాగా ఆలోచించుకో."

వేసవిలో దొరువు ఉప్పెక్కితే తాగే నీళ్లు ఊరి బావివే. ఆదిశేషమ్మ పేరున ఏటా ఇన్ని మెతుకులు ఆకులో పెట్టేది తమ్ముడి ఇంట్లోనే. ఆలోచించుకున్నాడు. దారి పొడుగునా ఆలోచించుకునే నడిచాడు. తోట చేరేసరికి కూడా మనసు మారలేదు.

పండగనాడు రెబెక్కమ్మ చేట తెచ్చే వేళకు ముందే ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని పాలెం బాట పట్టాడు. అన్నేళ్లు పక్కనే ఉన్నాడు గానీ ఆ బాట మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. బడీ గుడీ ఒకటే తాటాకుల పాక. ముంగిట వెదురుపుల్లల నక్షత్రం, లోపల తను నీళ్లు పోసి పెంచిన సరుగుడు చెట్టు, దాని నిండా రంగుకాగితాలు. దాన్ని అక్కడ చూసి ఆయనకు గర్వం కలిగింది. పాక ముందు పందిట్లో బంతి వేసి ఉంది. విస్తరాకుల ముందు పాలెం జనమంతా కూర్చున్నారు. వడ్డన అప్పుడే మొదలైంది.

బంతి చివర ఖాళీ చోటు చూసుకుని హజరత్తయ్య కూర్చున్నాడు.

ముందు పక్కనున్నవాళ్లు లేచారు. తర్వాత ఆ పక్కవాళ్లు. చూస్తుండగానే బంతి మొత్తం లేచి నిలబడింది, ముసలివాళ్లు, పిల్లతల్లులు, అందరూ. సామి కింద కూర్చుంటే తాము ఎదురుగా ఎలా కూర్చుంటారు? అవమానించాలని కాదు. అంతకంటే పెద్ద గౌరవం వాళ్లకు తెలియదు. ఆకుల్లో అన్నం పొగలు కక్కుతోంది. పిల్లలు ఆకుల వైపూ, పెద్దల వైపూ చూస్తున్నారు. కూర్చున్నది హజరత్తయ్య ఒక్కడే.

"కూచోండయ్యా," అన్నాడు. ఎవరూ కదల్లేదు.

ఊళ్లో ఉన్నవి వదులుకుని వచ్చాడు. ఇక్కడ ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. తోటలో ఒక్కడే ఉన్న రోజుల్లో కూడా ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేడు.

పంతులు సమాధానం పరుగున వచ్చి వంగి నిలబడ్డాడు. "సామీ, ఇదేం పని! మీకు ఏరే ఆకేసి, లోపల కుర్చీ ఏయిస్తా. రెబెక్కమ్మ ఏటా సరుకులు తెస్తానే ఉండాది గదా."

"నాకు సరుకులొద్దు పంతులూ. అన్నం కావాల."

"మా మతంలోకి వస్తారా సామీ? అట్టయితే లెక్క వేరు. బాప్తిస్మం..."

"రాను. నాకు దేవుడు లేడని చెప్పినా గదా. మీ దేవుడు మీ ఇండ్లల్లో తిన్నాడని నువ్వే చెప్పినావు. తిన్నప్పుడు మీరు ఇట్టనే లేచి నిలబడినారా?"

పంతులు చుట్టూ చూశాడు. "ఊరోళ్లు ఊరుకోరు సామీ," అన్నాడు చివరికి, మెల్లగా. అసలు భయం అది.

"మునసబుతో చెప్పే వచ్చినా. మీ జోలికి ఎవరూ రారు. నాకే నీళ్లు లేవన్నాడు, తమ్ముడి ఇల్లు లేదన్నాడు. సరేనని వచ్చినా."

జనంలో గుసగుస లేచి ఆగిపోయింది. పొయ్యి దగ్గర్నుంచి రెబెక్కమ్మ వచ్చింది, చేతిలో కూరగిన్నె. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తలవంచుకునే అలవాటున్న మనిషి, అంత సూటిగా చూడటం అదే మొదలు.

"ఒంట్లో బాగుండాదా సామీ?" అని అడిగింది.

అడగడంలో వేళాకోళం లేదు. జ్వరంలో తప్ప ఏ కాపూ ఇలాంటి పని చేయడని ఆమె నిజంగానే నమ్మింది. హజరత్తయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎడమచెయ్యి ఆమె వైపు చాచాడు.

"పట్టి చూడు రెబెక్కమ్మా."

రెబెక్కమ్మ కూరగిన్నె కింద పెట్టింది. చెయ్యి చెంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. వంగి ఆయన మణికట్టు పట్టుకుంది. తర్వాత అరచెయ్యి తిప్పి నుదుటి మీద పెట్టింది. ఆదిశేషమ్మ పోయాక ఆయన్ని ఇంకో మనిషి తాకడం అదే మొదటిసారి. ఆయన కళ్లు మూసుకున్నాడు. నీళ్లు చెంపల మీదికి దిగాయి. తుడుచుకోలేదు.

"జొరం లేదు," అంది రెబెక్కమ్మ అందరితో. "ఒళ్లు చల్లంగుండాది. తెలిసే అడగతన్నాడు. కూచోండి."

ఆమె మాట తోసేసే ధైర్యం పాలెంలో ఎవరికీ లేదు. ఒక్కొక్కరే కూర్చున్నారు. అయితే హజరత్తయ్యకు దగ్గర కూర్చున్నవాళ్లు తమ ఆకులు కాస్త అవతలికి లాక్కున్నారు. ఆయనకూ బంతికీ నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది. తరాల అలవాటు ఒక పూటలో ఎక్కడికి పోతుంది?

రెబెక్కమ్మ ఆయన ఆకులో అన్నం పెట్టింది, కూర వేసింది. ఆయన కలుపుకుని మొదటి ముద్ద నోట పెట్టుకున్నాడు. ఉప్పు కొంచెం ఎక్కువైంది. రెండో ముద్ద కలుపుకున్నాడు.

ఆమె ఆయన తినడం కాసేపు నిలబడి చూసింది. తర్వాత గరిటె ఇంకొకామె చేతికిచ్చి, తనకో ఆకు తెచ్చుకుని, ఆ ఖాళీలో ఆయన పక్కన కూర్చుంది.

"తిను అన్నా," అంది. "ఆరిపోతా ఉండాది."